కంచు గొంతు

మా నాన్న వేటకుక్కల షెడ్డులో ముప్ఫై ఏళ్ళు పనిచేశాడు. పొద్దున్నే తలుపు తీసేముందు ఆయన చేసే మొదటి పని గోడకి చెవి పెట్టి వినడం. లోపల నలభై కుక్కలు ఒక్కసారే గొంతెత్తేవి. మామూలువాళ్ళకి అదంతా ఒకటే గోల. నాన్నకి మాత్రం నలభై గొంతులూ విడివిడిగా వినపడేవి. "ఆ మూలది ఇవాళ సగం గొంతే పెట్టింది. కాల్లో ముల్లయినా దిగుండాలి, కడుపైనా చెడి ఉండాలి" అని, తలుపు తీసి తిన్నగా దాని దగ్గరికే పోయేవాడు. ఆ లెక్క తప్పడం నేను చూడలేదు.

నేను ఏడో తరగతిలో ఉండగా నాన్న కాలు విరిగింది. ఆయన మంచం దిగేదాకా కుక్కలకి తిండి కలిపేవాళ్ళు ఉండాలని ఒక నెల బడి మానేశాను. ఆ నెల అలా అలా సాగి, మళ్ళీ బడి మొహం చూసింది లేదు. లెక్కలూ అవీ నాకు పెద్దగా రావు. కుక్కల గొంతులు మాత్రం వచ్చాయి. వాసన దొరికితే ఒక గొంతు, దారి తప్పితే ఒక గొంతు, జంతువుని నిలబెట్టాను రండి అని పిలవడానికి ఒకటి. నొప్పికి వేరే. పదమూడేళ్ళ పిల్లని, నాన్న పక్కన గోడెక్కి కూర్చుని, కనపడని కుక్క ఏం చెబుతోందో చెప్పేదాన్ని. నాన్న నా జడ పట్టుకుని ఒకసారి ఊపేవాడు. అదే మెప్పు.

నా పెళ్ళయిన కొన్నేళ్ళకి షెడ్డు మూసేశారు. కుక్కలన్నీ తలోదారీ వ్యాన్లెక్కి పోయాయి. నాన్న ఒక్కదాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వనన్నాడు. దాని పేరు కంచు. అన్నయ్యది నాలుగో అంతస్తు, వదినకి కుక్కబొచ్చు తగిలితే ఆయాసం. అందుకని నాన్న అన్నయ్య ఇంటికి, కంచు మా ఇంటికి వచ్చారు. అప్పగించేటప్పుడు నాన్న ఒక్కటే అడిగాడు.

"ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాను తల్లీ. వాడి చేత ఒక్కసారి అరిపించు. గొంతు వింటే చాలు, వాడెలా ఉన్నాడో నాకు తెలిసిపోతుంది."

కంచుది కళ్ళతో కాదు, ముక్కుతో వేటాడే జాతి. చెవులు ఎంత పొడుగంటే తినేటప్పుడు గిన్నెలో పడేవి. నేను వాటిని వెనక్కి తీసి నా పాత రిబ్బనుతో కట్టేదాన్ని. కళ్ళ కింద తోలు వేలాడుతూ, ఇప్పుడే ఎవరో తిట్టినట్టు ఉండేది మొహం. మావారు ప్రెస్సులో కాగితాలు కోసే మిషను మీద పనిచేసి సాయంత్రం ఇంటికొచ్చేవారు. చెప్పులు విప్పుతూనే దాని ముందు గొంతుక్కూర్చుని "ఏరా, నిన్ను కూడా తిట్టిందా?" అని పరామర్శించేవారు. "ఈ ఇంట్లో నా మాట వినేవాడు వీడొక్కడే. వీడూ వినడనుకో. చెవులు పెద్దవి కాబట్టి విన్నట్టు కనపడతాడు."

మా పాప నెలలు నిండకుండా పుట్టింది. పిడికెడు ఉండేది. అందరూ గింజ అనేవాళ్ళు, అదే పేరైపోయింది. నేను నిమిషానికోసారి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. చెంచా ఒకసారి మరిగించి, మరిగించానో లేదో అని మళ్ళీ మరిగించేదాన్ని. కంచు వచ్చాక ఉయ్యాల కిందే పడుకునేవాడు. పాపకి జ్వరం వచ్చే ముందు వాడికి తెలిసిపోయేది. లేచి ఉయ్యాలలో ముక్కు పెట్టి, నా వైపు చూసి, మళ్ళీ ముక్కు పెట్టేవాడు. రెండుసార్లు అలా అయింది. రెండుసార్లూ గంట తిరిగేసరికి పాప ఒళ్ళు కాలింది. అప్పట్నుంచి నేను వేలు పెట్టి చూడటం తగ్గించాను. వాడు పడుకుని ఉన్నాడంటే పాప బాగున్నట్టే.

కానీ ఆ గొంతు! వీధిలో పిల్లి పోతే చాలు, వాడి గుండెల్లోంచి కంచు మోగినట్టు లేచేది. కిటికీ అద్దాలు జివ్వుమనేవి. పాప ఉలిక్కిపడి లేచి, ఇక ఏడుపే ఏడుపు. బరువు పెరగాలంటే పాప బాగా నిద్రపోవాలని డాక్టరు చెప్పింది. అదో భయం నాకు.

రెండోది పైఇంటావిడ. ఇల్లు ఆవిడదే. వాళ్ళాయన బేకరీలో రాత్రిళ్ళు పిండి పిసికి, పొద్దున వచ్చి పడుకుంటారు. ఒకరోజు ఆవిడ మెట్ల మీద నిలబడి అంది.

"అమ్మాయ్, నేను మంచిదాన్ని కాబట్టి మంచిగా చెబుతున్నా. మీ ఆయన్ని ఏమీ అనను, నిన్ను ఏమీ అనను, ఆ పసిదాన్ని అసలే అనను. ఆ కుక్క మాత్రం నోరు మూసుకుని ఉండాలి. లేదా దానికో దారి చూడు. లేదా మీరే చూసుకోండి."

"రెండు నెలలు టైమివ్వండి పిన్నిగారూ."

"కుక్కకి రెండు నెలల్లో ఏం నేర్పుతావే? మా ఆయనకి ముప్ఫై ఏళ్ళుగా నేర్పుతున్నా, ఇప్పటికీ కప్పు కడగడు."

నాకు నేర్పడం వచ్చు. అదే వచ్చిన చిక్కు.

షెడ్డులో ఎప్పుడైనా అబద్ధాలకోరు కుక్క ఒకటి తగిలేది. వాసన దొరక్కుండానే దొరికిందని అరిచి మందనంతా తప్పుదారి పట్టించే రకం. అలాంటిదానికి నాన్న ఒక పాఠం చెప్పేవాడు. అది గొంతెత్తబోతుండగా మూతి చుట్టూ చెయ్యి మెత్తగా మూసి, ముక్కు మీద ఊదినట్టు "ష్" అనాలి. గొంతులోకి వచ్చిన అరుపుని అది మింగుతుంది. మింగినప్పుడు గొంతు కదలడం చేతికి తెలుస్తుంది. ఆ క్షణంలోనే ఎండు కాలేయం ముక్క ఒకటి నోట్లో పెట్టాలి. తిట్టకూడదు, కొట్టకూడదు. వందసార్లు చేస్తే తర్వాత చెయ్యి అక్కర్లేదు, ష్ అంటే చాలు.

"అబద్ధాలు చెప్పేదానికే ఇది" అనేవాడు నాన్న. "మిగతావాటికి చెయ్యకు. వాటి నోరు మూయిస్తే నీ చెవి నువ్వు కోసుకున్నట్టే."

కంచు ఒక్క అబద్ధం ఆడి ఎరగడు. అయినా చేశాను. పాప నిద్ర కోసం, ఇంటి కోసం, వాణ్ణి ఎక్కడికీ పంపకుండా ఉండటం కోసం చేశాను. మొదట్లో వాడు నా చేతిలో మూతి పెట్టుకుని, ఏం తప్పు చేశానని అడిగినట్టు చూసేవాడు. ఎనిమిది వారాలు పట్టలేదు, ఆరు వారాలకే నేర్చుకున్నాడు. పిల్లి గోడ మీదే కూర్చుని మీసాలు దువ్వుకున్నా, వాడు ఒళ్ళంతా వణుకుతూ గొంతు మింగేవాడు. వెంటనే వచ్చి నా అరచేయి వాసన చూసేవాడు, ముక్క కోసం.

"భలేదానివే" అంది పైఇంటావిడ. మావారు మాత్రం మూడోరోజు గిన్నె ముందు కూర్చున్న కంచుని చూస్తూ, "వీడు మనింట్లో అద్దెకున్నట్టు ఉంటున్నాడే" అన్నారు. నాకు కోపం వచ్చింది. వీడు ఇక్కడ ఉన్నాడంటే నా వల్ల కాదూ?

పాప బరువు పెరిగింది. బుగ్గలొచ్చాయి. కంచు చెవి పట్టుకుని లేచి నిలబడటం మొదలుపెట్టింది.

ఆదివారాలే కష్టంగా ఉండేవి.

"ఏడీ వాడు? వినిపించు."

"నిద్రపోతున్నాడు నాన్నా."

ఇంకో ఆదివారం, "ఆయనతో బయటికెళ్ళాడు." ఇంకోసారి, "పాప ఇప్పుడే పడుకుంది నాన్నా, లేస్తుంది." నాన్న ప్రతిసారీ "సరేలే, వచ్చే వారం" అనేవాడు. ఒకసారి మాత్రం, "తిండి బాగా తింటున్నాడా తల్లీ?" అన్నాడు. "నాకంటే బాగా తింటున్నాడు" అన్నాను నవ్వుతూ. అబద్ధాలకోరు ఎవరో అప్పుడే నాకు తెలిసి ఉండాలి.

ఆ రోజు పాపకి టీకా. ముందురోజే సంచి సర్ది, కార్డు ఉందో లేదో నాలుగుసార్లు చూసుకున్నాను. కంచుకి పొద్దున సగం, సాయంత్రం సగం పెడతాను ఎప్పుడూ. ఆ జాతికి ఛాతీ లోతు, కడుపు లోపల ఊగుతూ ఉంటుంది. ఒక్కసారే కడుపు నిండా పెట్టకూడదు, తిన్న వెంటనే నీళ్ళు తాగించకూడదు, ఒక గంట కదలనివ్వకూడదు. ఇది షెడ్డులో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆ రోజు ఆసుపత్రిలో ఎంతసేపవుతుందో అని మొత్తం ఒకేసారి పెట్టేశాను. వెనక వరండాలో బట్టలు జాడించిన బకెట్టు నీళ్ళతో అలాగే ఉంది. చూశాను కూడా. వచ్చాక తీద్దాంలే అనుకుని, వాణ్ణి ఆ వరండాలోనే వదిలి తలుపు వేసి వెళ్ళిపోయాను.

వచ్చేసరికి పన్నెండు దాటింది. సూది పడ్డ తొడ ఎర్రగా ఉంది, పాప ఒళ్ళు వెచ్చగా ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురు పోయింది. భుజం మీద వేసుకుని ఆ గదిలోనే అటూ ఇటూ తిరుగుతున్నాను. కళ్ళు మూతపడే వేళకి వరండా తలుపు మీద గోళ్ళ చప్పుడైంది.

"ష్" అన్నాను.

ఆగింది.

పాపని పడుకోబెట్టి పక్కనే ఒరిగాను. మళ్ళీ గోళ్ళు. ఈసారి ఇంకాస్త గట్టిగా, తలుపుని కింద నుంచి పైదాకా గీరినట్టు. పాప వేళ్ళు కదిలాయి. నేను తలెత్తకుండానే, కాస్త విసుగ్గా, "ష్!" అన్నాను.

మళ్ళీ చప్పుడు లేదు. మంచి కుక్క అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను, మంచి కుక్క అని. అలాగే నిద్రపోయాను.

లేచేసరికి ఎండ వాలి గోడెక్కింది. నాలుగు దాటింది. పాప జ్వరం దిగి హాయిగా నిద్రపోతోంది. ముందు వేలు పెట్టి చూశాను. తర్వాతే కంచు గుర్తొచ్చాడు. పాపకి ఒళ్ళు కాలుతుంటే వాడు ఉయ్యాల దగ్గరికి రాకపోవడమేమిటి అనిపించింది. వరండా తలుపు వేసింది నేనే కదా అని కూడా వెంటనే గుర్తొచ్చింది.

తలుపు తీశాను. వాడు పక్కకి పడి ఉన్నాడు, బకెట్టులో నీళ్ళు సగం లేవు. పొట్ట డోలులా బిగిసిపోయింది. నోటి నుంచి నురగ, నేలంతా జిగురు. కక్కబోతున్నాడు, ఏమీ రావడం లేదు. నోరు తెరుస్తున్నాడు, మెడ చాస్తున్నాడు, గొంతు కదులుతోంది. చప్పుడు మాత్రం లేదు. తలుపు చెక్క కింద భాగమంతా తెల్లగా గీరుకుపోయి ఉంది, రెండు చోట్ల రక్తం.

నేను పక్కన కూలబడ్డాను. వాడు తల కాస్త ఎత్తి, నా అరచేయి వాసన చూశాడు.

ముక్క కోసం. చెప్పినట్టు విన్నాడు కదా.

నేను ఏమని అరిచానో నాకు గుర్తు లేదు. పైఇంటావిడ పరుగెత్తుకొచ్చింది, చూసింది, మళ్ళీ పైకి పరుగెత్తి వాళ్ళాయన్ని లేపింది. ఆయన బనీనుతోనే దిగొచ్చి, దుప్పటి పరిచి, పిండి బస్తా ఎత్తినట్టు కంచుని భుజానికెత్తుకున్నారు. బేకరీ వ్యాను సందు మొదట్లోనే ఉంది. పిన్నిగారు పాప దగ్గర ఉండిపోయింది. వెనక రొట్టెల ట్రేల మధ్య నేను వాడి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

దారిలో ఆయన వెనక్కి తిరగకుండానే అడిగారు. "ఎంతసేపట్నుంచమ్మా ఇలా?"

"తెలీదు బాబాయిగారూ. పడుకున్నాను."

"ఒక్కసారి అరిచినా ఎవరో ఒకరు చూసేవాళ్ళు కదా."

"మీ నిద్ర చెడుతుందని…"

"నా నిద్రా?" ఆయన అద్దంలో నా వైపు చూశారు. "నేను పడుకుంటే నెత్తి మీద కప్పు కూలినా తెలియదమ్మా. ఇందాక మా ఆవిడ నీళ్ళు కొడితే లేచాను. ఆవిడకే ప్రతి చప్పుడుకీ నా కోసం భయం." "చెబుతూనే ఉంటాను, వినదు" అన్నారు.

ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. ఎవరికోసమో భయపడి పక్కవాళ్ళ నోరు నొక్కడం నాకు కొత్త కాదు.

పశువుల డాక్టరమ్మ పొట్ట మీద వేళ్ళతో కొట్టి చూసి, చిగుళ్ళు నొక్కి చూసింది. తెల్లగా ఉన్నాయి.

"కడుపు ఉబ్బి మెలి పడింది. మధ్యాహ్నమే తెస్తే కోసి సరిచేసి ఉండేదాన్ని. ఇప్పుడు లోపల నల్లబడిపోయి ఉంటుంది." చేతులు తుడుచుకుంటూ నా వైపు చూసింది. "ఈ జాతి కుక్కలు ఈ నొప్పికి వీధి వీధంతా లేచేలా అరుస్తాయమ్మా. మీకు వినపడలేదా?"

బాబాయిగారు నేల వైపు చూస్తూ నిలబడ్డారు.

ఇంకా బాధపెట్టొద్దంది ఆవిడ. వాణ్ణి శాశ్వతంగా నిద్రపుచ్చే సూది సిద్ధం చేస్తుంటే, రిబ్బనులోంచి జారిన వాడి పెద్ద చెవి పైకెత్తి లోపల నోరు పెట్టి చెప్పాను. "అరవరా కంచూ. అరవరా నాన్నా. ఎవరూ ఏమీ అనరు. ఒక్కసారి." వాడు నా వైపు చూశాడు. నా గొంతు వణుకుతోందని తెలిసి వాడికి ఇంకా భయమేసినట్టుంది. మింగాడు. వాడి మెడ మీద ఉన్న నా చేతికి అది తెలిసింది.

మావారు ప్రెస్సు నుంచి నేరుగా వచ్చారు. రిబ్బను విప్పి నా చేతికిచ్చింది ఆయనే. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

అది గురువారం. శుక్రవారం, శనివారం ఏం చేశానో చెప్పలేను. పాపకి వేళకి అన్నీ చేశాను. వరండా తలుపుకి రంగు వేయిస్తానన్నారు మావారు, వద్దన్నాను.

ఆదివారం ఫోన్ మోగింది.

"ఏడీ వాడు? వినిపించు తల్లీ. ఇవాళ వినకుండా పెట్టను."

నిద్రపోతున్నాడని నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే నమ్మేవాడు. ఇంకో నాలుగు వారాలు నమ్మేవాడు.

"లేడు నాన్నా. పోయాడు. కడుపు మెలి పడింది."

నాన్న అడిగాడు, షెడ్డులో అడిగినట్టే, తొందరలేని గొంతుతో. "ఎలా అరిచాడు? సన్నగానా, పొట్టలోంచా? నువ్వు గుర్తుపట్టే ఉంటావు. నీకు తెలుసు కదా ఆ గొంతు."

"అరవలేదు నాన్నా." ఇక ఆపుకోలేదు, చెప్పేశాను. పైఇంటావిడ మాట, మూతి చుట్టూ చెయ్యి, ఎండు కాలేయం, ఆరు వారాలు, ఇన్ని ఆదివారాలూ నేను చెప్పినవి, బకెట్టు, రెండు ష్‌లు. అరచేయి వాసన చూశాడన్నది మాత్రం చెప్పలేకపోయాను. అది నా దగ్గరే ఉంది. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి మీకు తెలిసింది.

నాన్న తిట్టలేదు. ఊపిరి మాత్రం వినపడుతోంది.

అప్పుడే ఉయ్యాలలో పాప లేచి ఏడుపు అందుకుంది. మామూలుగా కాదు, గుక్కపెట్టి. నా నోరు దానంతటదే గుండ్రంగా అయింది. ష్ అనబోయి, ఆ గాలి పెదాల దగ్గరే ఆగిపోయింది. అనలేకపోయాను. అలాగే నిలబడిపోయాను, ఫోన్ ఒక చేత్తో, ఉయ్యాల తాడు ఒక చేత్తో.

"ఎవరది? గింజేనా?" అన్నాడు నాన్న. "ఫోన్ దాని దగ్గర పెట్టు."

పెట్టాను. పాప గొంతు చించుకుంటోంది. పైన కుర్చీ జరిగిన చప్పుడైంది, ఆగిపోయింది. ఎవరూ కిందికి రాలేదు. నాన్న గోడకి చెవి పెట్టినట్టు విన్నాడు. కాసేపటికి ఫోనులోంచి చిన్నగా మాట వచ్చింది.

"ఆకలే. నొప్పి కాదు. పాలు పట్టు తల్లీ."

నేల మీద కూర్చుని పాపని ఒళ్ళోకి తీసుకున్నాను. ఏడుపు ఆగింది. ఫోన్ పక్కనే నేల మీద ఉంది, నాన్న పెట్టెయ్యలేదు. పాప గుటకలు వింటున్నాడేమో అనుకున్నాను. తర్వాత ఫోనెత్తి చెవి దగ్గర పెట్టుకుని చూశాను. అవతల ఆయన ఏడుస్తున్నాడో లేదో నాకు తెలియలేదు. ఎంత చెవి ఒగ్గినా తెలియలేదు. చప్పుడే లేదు.